డిఫెన్స్‌ని నిలబెట్టుకోవడం ఎలా? ఎన్‌ఎఫ్‌ఎల్ శాలరీ క్యాప్‌పై మీ ప్రశ్నలు

ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్లు కొత్త టీమ్ చూసుకునే సమయం) సీజన్ వస్తోందంటే మాకు వచ్చే ప్రశ్నలన్నీ క్యాప్ చుట్టూనే తిరుగుతాయి. ఈసారి చాలామంది డిఫెన్స్ గురించే అడిగారు. ఒకేలాంటివి కలిపేసి, పొడుగ్గా ఉన్నవి కుదించి ఇక్కడ ఇస్తున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌ని కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట: ఒక టీమ్ ఏడాదికి ఆటగాళ్ల పద్దు కింద చూపించగల గరిష్ఠ మొత్తమే క్యాప్. 2025లో అది 279.2 మిలియన్ డాలర్లు. అంతకుముందు ఏడాది వాడకుండా మిగుల్చుకున్నది కలుపుకోవచ్చు, అంతకుమించి ఓనర్ ఎంత ఆస్తిపరుడైనా దాటడానికి వీల్లేదు.

ప్రశ్న: నేను ఈగల్స్ ఫ్యాన్‌ని. 2025 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో చీఫ్స్‌ని 40-22తో చిత్తు చేశాం, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మహోమ్స్‌ని బంతి విసిరేలోపే ఆరుసార్లు పడగొట్టాం, అంటే శాక్ చేశాం. నెల తిరిగేసరికే జాష్ స్వెట్, మిల్టన్ విలియమ్స్, డారియస్ స్లే, గార్డ్‌నర్-జాన్సన్ నలుగురూ పోయారు. గెలిచిన టీమ్‌ని చేజేతులా ఎవరైనా ఇలా విప్పేసుకుంటారా?

మీ బాధ అర్థమవుతోంది కానీ, నన్నడిగితే ఆ నలుగురి విషయంలో మీ జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్ చేసింది సరైన పనే.

విలియమ్స్ సంగతి చూడండి. పేట్రియట్స్ అతనికి నాలుగేళ్లకు 104 మిలియన్లు ఇచ్చారు, అంటే ఏడాదికి 26. ఆ సంవత్సరం క్యాప్‌లో అది 9 శాతం పైమాటే. 2024 రెగ్యులర్ సీజన్‌లో అతని శాక్‌లు అయిదు. మంచి ఆటగాడే, సూపర్ బౌల్‌లో అదరగొట్టాడు కూడా. కానీ అదే లైన్‌లో జేలెన్ కార్టర్, జోర్డన్ డేవిస్ ఉన్నారు, ఇద్దరూ మొదటి రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్), ఇద్దరూ అప్పటికి ఇంకా రూకీ కాంట్రాక్ట్, అంటే ఆ మొదటి కాంట్రాక్ట్ మీదే ఆడుతున్నారు. వెనకాల క్విన్యన్ మిచెల్, కూపర్ డిజీన్ అయితే అప్పుడే మొదటి ఏడాది పూర్తి చేశారు. సూపర్ బౌల్ గెలిచిన ఆ డిఫెన్స్‌లో అసలు బలం చాలావరకు చవగ్గా వచ్చిందే, డ్రాఫ్ట్ చేసిన రోజున జీతం ఎంతని రాసుకున్నారో అంతే. వీళ్లందరికీ కూడా ఒకనాటికి పెద్ద చెక్కులు రాయక తప్పదు, ఆ రోజు వచ్చేసరికి చేతిలో ఏమన్నా ఉండాలంటే ఇవాళ విలియమ్స్‌కి 26 ఇవ్వకూడదు.

అలాగని అందరినీ వదిలేశారా అంటే లేదు. లైన్‌బ్యాకర్ జాక్ బాన్‌ని 2024లో ఒక్క ఏడాదికి 3.5 మిలియన్లకు తెచ్చుకున్నారు, అతను ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ జట్టులో ఒకడు) అయి కూర్చున్నాడు, వెంటనే మూడేళ్లకు 51 మిలియన్లు ఇచ్చి ఆపుకున్నారు. స్వెట్ పోయిన లోటు తెలిసొచ్చాక, 2025 నవంబర్‌లో ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చి డాల్ఫిన్స్ నుంచి జేలన్ ఫిలిప్స్‌ని పట్టుకొచ్చారు. ఇంకో లాభం చాలామంది గమనించరు. కాంట్రాక్ట్ ముగిసి వేరే టీమ్‌కి వెళ్లినవాళ్లకు బదులుగా లీగ్ తర్వాతి డ్రాఫ్ట్‌లో కాంపెన్సేటరీ పిక్‌లు ఇస్తుంది, బాగా పలికిన ఆటగాడైతే మూడో రౌండ్ పిక్ దాకా. స్వెట్, విలియమ్స్ ఆ లెక్కలోకి వస్తారు. రిలీజ్ చేసిన స్లే రాడు, ట్రేడ్ చేసిన గార్డ్‌నర్-జాన్సన్ రాడు.

ప్రశ్న: అసలీ క్యాప్ అంతా బూటకం కాదా? ప్రతి మార్చిలోనూ ఫలానా టీమ్ 50 మిలియన్లు పైన ఉంది అంటారు, వారం తిరిగేసరికి రీస్ట్రక్చర్ అని ఏదో చేసి కిందకి వచ్చేస్తారు, పైగా కొత్త ఆటగాళ్లను కూడా కొంటారు. ఇంత తేలికైతే అందరినీ ఉంచేసుకోవచ్చు కదా?

ఒక ఉదాహరణ వేసుకుందాం, అంకెలు నేను కల్పించినవే, లెక్క మాత్రం అసలుదే. ఒక డిఫెన్సివ్ ఎండ్‌కి ఐదేళ్లకు 100 మిలియన్లు ఇచ్చారు. అందులో 40 సైనింగ్ బోనస్, సంతకం పెట్టగానే ఆటగాడి చేతికి వచ్చేస్తుంది, క్యాప్‌లో మాత్రం ఏడాదికి 8 చొప్పున ఐదేళ్ల మీద పరుచుకుంటుంది (ఐదేళ్లకు మించి పరవనివ్వరు). మిగతా 60 మామూలు జీతం: 2, 10, 14, 17, 17. అంటే క్యాప్ హిట్ (ఆ ఏడాది పద్దులో పడేది) వరసగా 10, 18, 22, 25, 25.

మూడో ఏడాది వచ్చింది, టీమ్‌కి డబ్బు చాలడం లేదు. ఆ ఏడాది జీతం 14లో 12ని బోనస్‌గా మార్చేస్తారు. ఆటగాడికి అభ్యంతరం ఉండదు, నెలల తరబడి విడతలుగా రావాల్సింది ఒకేసారి వస్తోంది. ఆ 12 మిగిలిన మూడేళ్ల మీద నాలుగేసి చొప్పున పడుతుంది. ఈ ఏడాది హిట్ 22 నుంచి 14కి దిగింది, చూస్తుండగానే 8 మిలియన్లు పుట్టాయి. ఇదే మీరన్న రీస్ట్రక్చర్. కానీ నాలుగో ఏడాదీ, ఐదో ఏడాదీ 25 కాస్తా 29 అయ్యాయి. ఈలోగా అతనికి మోకాలు దెబ్బతిందో, వయసు మీదపడిందో, నాలుగో ఏడాదికి ముందు తీసేద్దామనుకున్నారు. అప్పటిదాకా పద్దులో పడని బోనస్ మొత్తం, అంటే పాతది 16, కొత్తది 8, కలిపి 24 మిలియన్లు ఒక్కసారిగా నెత్తిన పడతాయి. డెడ్ మనీ అంటే అదే, ఆటగాడు ఉండడు, పద్దు ఉంటుంది. ఉంచితే 29, తీసేస్తే 24, మిగిలేది 5. జూన్ 1 తర్వాత తీసేసినట్టు చూపిస్తే ఈ ఏడాది 12, వచ్చే ఏడాది 12గా విడగొట్టుకోవచ్చు గానీ, ఆ వెసులుబాటు ఏడాదికి ఇద్దరికే, పైగా ఆ డబ్బు జూన్‌లో గానీ చేతికి రాదు, అప్పటికి మార్కెట్లో మంచివాళ్లంతా అమ్ముడైపోయి ఉంటారు.

కాబట్టి బూటకం కాదు, వాయిదా. క్యాప్ ఏటా పెరుగుతుంటే ఈ వాయిదా చెల్లుతుంది: 1994లో 34.6 మిలియన్లతో మొదలైంది 2025కి ఎక్కడికి చేరిందో చూశారు కదా, రేపటి 4 మిలియన్లు ఇవాళ్టి 4 కంటే తేలికే. పెరుగుతుందన్న నమ్మకం మీదే అందరూ కథ నడుపుతారు. 2021లో కోవిడ్ దెబ్బకు అది 198.2 నుంచి 182.5కి పడిపోయింది, రేపు చూసుకుందాంలే అనుకున్న టీమ్‌లన్నీ ఆ మార్చిలో నానా తంటాలు పడ్డాయి. ఇక కాంట్రాక్ట్ చివర ఆడని సంవత్సరాలు రెండు మూడు ఉత్తుత్తినే తగిలించి బోనస్‌ని ఇంకా దూరం పరిచే వాయిడ్ ఇయర్స్ పద్ధతి ఉంది, ఈగల్స్‌కి అది వెన్నతో పెట్టిన విద్య, అందరికీ అబ్బదు.

ప్రశ్న: మైకా పార్సన్స్‌ని వదులుకున్న డాలస్ కౌబాయ్స్‌ని ఎలా అర్థం చేసుకోవాలి? ఏడాదికి 47 మిలియన్లు ఒక డిఫెన్స్ ఆటగాడికి ఇవ్వడం కూడా పిచ్చే కదా, అంటే వాళ్లు తెలివిగా తప్పుకున్నారేమో?

47 దగ్గర తప్పుకోవడం తెలివే అనుకుందాం. అసలు ధర 47 దాకా ఎందుకొచ్చిందన్నది ప్రశ్న.

2021 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పిక్‌తో డెన్వర్ బ్రాంకోస్ కార్నర్‌బ్యాక్ (పాస్ అందుకునే రిసీవర్లకు బంతి దక్కకుండా కాచేవాడు) ప్యాట్ సర్టెయిన్‌ని తీసుకున్నారు. పదో పిక్ డాలస్‌ది, దాన్ని ఈగల్స్‌కి ఇచ్చి రెండు మెట్లు కిందకి దిగి పన్నెండో పిక్‌తో పార్సన్స్‌ని తీసుకున్నారు. ఇద్దరూ మొదటి రోజు నుంచే స్టార్లు. మూడు సీజన్లు ఆడేదాకా రూకీ కాంట్రాక్ట్‌ని ముట్టుకోకూడదని లీగ్ నియమం, కాబట్టి 2024 మొదట్లో ఇద్దరికీ ఒకేసారి తలుపు తెరుచుకుంది.

డెన్వర్ పరిస్థితి అప్పుడు ఎలా ఉందంటే, క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని వదిలించుకున్న పాపానికి 85 మిలియన్ల డెడ్ మనీ రెండేళ్ల మీద మోస్తున్నారు, ఒక్క 2024లోనే 53. ఎవరైనా సరే చేతులెత్తేసి, సర్టెయిన్ సంగతి తర్వాత చూద్దామనేవాళ్లే. వాళ్లు మాత్రం 2024 సెప్టెంబర్‌లో, సీజన్ మొదలవబోతుండగా నాలుగేళ్లకు 96 మిలియన్లతో సంతకం చేయించేశారు. ఏడాదికి 24. అప్పటికి కార్నర్‌బ్యాక్‌లలో అదే రికార్డు, ఎక్కువ ఇచ్చారన్నవాళ్లూ ఉన్నారు. ఆ సీజన్‌లో అతను డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు, టీమ్ 63 శాక్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. 2025 మార్చిలో డెరెక్ స్టింగ్లీ ఏడాదికి 30 తీసుకున్నాడు, జులైలో సాస్ గార్డ్‌నర్ 30 దాటించాడు. అప్పటికీ సర్టెయిన్ 24 దగ్గరే ఉన్నాడు. డెన్వర్ ఇంత ధైర్యం చేయగలగడానికి కొత్త క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ రూకీ జీతం మీద ఉండటం ఒక కారణం, అది ఒప్పుకోవాలి.

డాలస్ అదే 2024లో రిసీవర్ సీడీ ల్యాంబ్‌కి నాలుగేళ్లకు 136, క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి నాలుగేళ్లకు 240 మిలియన్లు ఇచ్చారు, అదీ రెండూ చివరి నిమిషం దాకా సాగదీసి. పార్సన్స్‌ని పక్కన పెట్టారు. అప్పటికి పార్సన్స్ లాంటి పాస్ రషర్లలో (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాళ్లు) అందరికంటే ఎక్కువ నిక్ బోసాకి, ఏడాదికి 34. తర్వాత 2025 మార్చి మొదట్లో మ్యాక్స్ క్రాస్బీ 35.5 అన్నాడు, కొన్ని రోజుల్లోనే మైల్స్ గ్యారెట్ 40 అన్నాడు, జులైలో టి.జె. వాట్ 41. ఒక్కో సంతకం పడినప్పుడల్లా పార్సన్స్ ధర పెరుగుతూనే ఉంది, ఓనర్ జెర్రీ జోన్స్ మాత్రం ఏజెంట్‌ని పక్కన పెట్టి నేనూ ఆటగాడూ మాట్లాడేసుకున్నాం అంటూ టీవీల్లో చెబుతూనే ఉన్నాడు. తెగేదాకా లాగారు, తెగింది. ఆగస్టు 28న గ్రీన్ బేకి ట్రేడ్, బదులుగా రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, డిఫెన్సివ్ టాకిల్ (డిఫెన్స్ లైన్ మధ్యలో నిలబడేవాడు) కెన్నీ క్లార్క్. గ్రీన్ బే ఇచ్చింది నాలుగేళ్లకు 188.

తమాషా ఏమిటంటే, నవంబర్ వచ్చేసరికి ప్రత్యర్థి బంతితో పరుగెడితే (రన్) ఆపలేక, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాళ్లు లేక డాలస్ వాళ్లే ఒక ఫస్ట్ రౌండ్ పిక్, ఒక సెకండ్ రౌండ్ పిక్, ఇంకో ఆటగాడిని ఇచ్చి జెట్స్ నుంచి డిఫెన్సివ్ టాకిల్ క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. పార్సన్స్‌కి డిసెంబర్‌లో మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది, దాన్ని చూపించి డాలస్ ముందే ఊహించింది అనేవాళ్లు మొదలయ్యారు. గాయాన్ని ఎవరూ ఊహించలేరండీ, అది చూసి బేరం మంచిచెడ్డలు తేల్చకూడదు. 2024 వేసవిలోనే కూర్చుని ఉంటే ముప్పైల్లో తెమిలిపోయేది, దాన్ని ఏడాదికి పైగా నానబెట్టారన్నదే నా అభ్యంతరం.

మీ ప్రశ్నలో రెండో సగానికి వస్తే, డిఫెన్స్‌లో ఒక్కడికే పెద్ద డబ్బు పెట్టాల్సి వస్తే నేను పాస్ రషర్‌కే పెడతాను. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌కి రెండున్నర సెకన్లలో బంతి వదలక తప్పని పరిస్థితి తెస్తే మామూలు కార్నర్‌లు కూడా మంచి కార్నర్‌ల్లా కనిపిస్తారు.

ప్రశ్న: ఫ్రాంఛైజ్ ట్యాగ్ (కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాణ్ని ఇంకో ఏడాది ఆపుకునే హక్కు) ఉంది కదా, అది వేసేస్తే ఆటగాడు ఎక్కడికీ పోలేడు. టీమ్‌లు ఎందుకు వెనకాడతాయి?

ఏడాదికి ఒక్కరికే వేయగలరు కనక, ఆ పొజిషన్‌లో అందరికంటే పైనున్న జీతాల సగటుకి అటూఇటూగా ఉండే మొత్తం, పూర్తి గ్యారంటీతో, ఒక్క ఏడాది పద్దులోనే పడుతుంది కనక. పరవడానికి బోనస్ ఉండదు. రెండోసారి వేస్తే 20 శాతం పెంచి ఇవ్వాలి. ట్యాగ్‌తో ఆటగాడు ఆగుతాడు, మిగతావాళ్లను ఆపుకోవాల్సిన డబ్బు కరిగిపోతుంది.

లైన్‌బ్యాకర్‌ల విషయంలో ఇంకో తిరకాసు. మధ్యలో నిలబడి రన్ ఆపేవాడూ, అంచు నుంచి దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టే వాట్ లాంటివాడూ ట్యాగ్ లెక్కలో చాలాసార్లు ఒకే గాటన పడతారు. అందుకే 2025లో లైన్‌బ్యాకర్ ట్యాగ్ 25 మిలియన్లు దాటింది. జాక్ బాన్ ఏడాదికి 17 దగ్గర ఒప్పుకున్నాడు. ఇక ట్యాగ్ ఎవరు వేస్తారు?

ప్రశ్న: మహోమ్స్‌కి పదేళ్లకు 450 మిలియన్లు ఇచ్చి కూడా చీఫ్స్ డిఫెన్స్ అన్నేళ్లు ఎలా నిలబడింది?

డిఫెన్సివ్ టాకిల్ క్రిస్ జోన్స్‌ని తప్ప మిగతావాళ్లను పోనివ్వడానికి సిద్ధపడటం వల్ల. 2022 మార్చిలో రిసీవర్ టైరీక్ హిల్‌ని డాల్ఫిన్స్‌కి ట్రేడ్ చేసి ఐదు పిక్‌లు తీసుకున్నారు, అందులో వచ్చిన 29వ పిక్‌కి ఇంకో రెండు కలిపి 21కి ఎగబాకి కార్నర్ ట్రెంట్ మెక్‌డఫీని పట్టుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో జార్జ్ కార్లాఫ్టిస్, బ్రయన్ కుక్, లియో షెనాల్. ఇక చిట్టచివర్లో, ఏడో రౌండ్ 243వ పిక్‌గా జేలెన్ వాట్సన్.

ఆ వాట్సన్ ఆడిన రెండో మ్యాచ్ గుర్తుందా? 2022 సెప్టెంబర్ 15, ఛార్జర్స్‌తో. మొదటి వారమే మెక్‌డఫీకి గాయమవడంతో ఇతన్ని దింపారు. నాలుగో క్వార్టర్, స్కోర్ 17-17, ఛార్జర్స్ చీఫ్స్ గోల్ లైన్ దాకా వచ్చేశారు, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ హెర్బర్ట్ వేసిన పాస్‌ని ఒక గజం లైన్ దగ్గర లాక్కుని 99 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్. 27-24తో గెలిచారు. లీగ్‌లో దాదాపు కనీస జీతం తీసుకుంటున్న కుర్రాడు. ఆ రూకీల గుంపుతోనే 2023 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ కొట్టారు.

కార్నర్‌ల విషయంలో చీఫ్స్ పద్ధతి మరీ మొండి. ఛార్వేరియస్ వార్డ్ 2022లో పోయాడు. లజేరియస్ స్నీడ్‌కి 2024లో ట్యాగ్ వేసింది ఆడించుకోవడానికి కాదు, ఊరికే పోనివ్వకుండా ట్రేడ్ చేయడానికి. టెనెసీ టైటన్స్ ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చి, నాలుగేళ్లకు 76 మిలియన్ల పైన కాంట్రాక్ట్ ఇచ్చారు, అక్కడ మొదటి ఏడాది గాయాలతో అయిదే మ్యాచ్‌లు ఆడాడు. 2024 మార్చిలో జోన్స్‌కి మాత్రం ఐదేళ్లకు 158.75. స్టీవ్ స్పాగ్నూలో లాంటి కోచ్ ఉండి కుర్రాళ్లకి నేర్పించగలిగితేనే ఇది కుదురుతుంది, అది లేకుండా చీఫ్స్‌ని చూసి వాత పెట్టుకుంటే మిగిలేది వాతే.

ప్రశ్న: మా ఫ్రెండ్స్ అంతా కలిసి ఎన్‌ఎఫ్‌ఎల్ నియమాలతోనే ఒక ఊహా లీగ్ నడుపుతున్నాం. నేను క్యాప్ మీద 14 మిలియన్లు దాటి ఉన్నాను. డిఫెన్స్‌లో: ఎడ్జ్ రషర్, 25 ఏళ్లు, ఐదో ఏడాది ఆప్షన్ (రూకీ కాంట్రాక్ట్‌ని టీమ్ ఇంకో ఏడాది పొడిగించుకునే వీలు) మీద 15. డిఫెన్సివ్ టాకిల్, 30 ఏళ్లు, ఇంకా బాగా ఆడుతున్నాడు, హిట్ 24. కార్నర్, 27 ఏళ్లు, ఇంకో మూడేళ్లు ఉంది, హిట్ 19, అందులో జీతం 11. సేఫ్టీ (అందరికంటే వెనకాల కాచేవాడు), 29 ఏళ్లు, హిట్ 16, తీసేస్తే డెడ్ మనీ 4. లైన్‌బ్యాకర్ కాంట్రాక్ట్ అయిపోయింది, ఏడాదికి 15 అడుగుతున్నాడు. అందరూ కావాలి. ఏం చేయాలి?

అందరూ కావాలంటే కుదరదు, అది ముందే మనసులోంచి తీసేయండి.

లైన్‌బ్యాకర్‌కి నమస్కారం పెట్టి పంపించేయండి, మీ లీగ్‌లో కాంపెన్సేటరీ పిక్‌లు ఉంటే అదో లాభం. సేఫ్టీని తీసేయండి, 12 వస్తుంది, ఇంకా 2 పైనే ఉన్నారు. కార్నర్‌ని రీస్ట్రక్చర్ చేయండి: జీతంలో 9ని బోనస్‌గా మార్చి మూడేళ్ల మీద మూడేసి పరిస్తే ఈ ఏడాది 6 మిగులుతుంది, క్యాప్ కింద 4 మిలియన్ల జాగా. ఇప్పుడు ఎడ్జ్ రషర్‌తో ఇవాళే కూర్చోండి. కొత్త కాంట్రాక్ట్‌లో ఐదేళ్ల మీద పరిచే సైనింగ్ బోనస్ 30, మొదటి ఏడాది జీతం 2 అనుకుంటే ఈ ఏడాది హిట్ 6 ప్లస్ 2, ఎనిమిదే. ఆప్షన్ మీద 15 పడేది, అంటే ఇంకో 7 వచ్చింది. మొత్తం 11 చేతిలో ఉంది, దాంతో ఒక చవక సేఫ్టీ, డ్రాఫ్ట్ పిక్‌ల జీతాలు అన్నీ సరిపోతాయి.

టాకిల్ దగ్గరే అందరూ జారిపోతారు. హిట్ 24 కనపడగానే అతన్నే రీస్ట్రక్చర్ చేయాలనిపిస్తుంది, అంకె పెద్దది కాబట్టి వచ్చేదీ ఎక్కువే. వద్దు. కాంట్రాక్ట్ చివరి ఏడాదిలో కూడా ఎవరు మీ దగ్గర ఆడాలనుకుంటున్నారో వాళ్లదే సాగదీయండి, 30 దాటుతున్నవాడిది కాదు. ఈ సీజన్ అతన్ని 24కే ఆడించుకుని, లైన్‌బ్యాకర్ లోటు పూడ్చడానికి వాడాలనిపించే రెండో రౌండ్ పిక్‌తో ఒక టాకిల్‌ని తీసుకోండి. వచ్చే మార్చిలో ఇద్దర్లో ఎవర్ని ఉంచాలో మళ్లీ రాయండి, అప్పటి అంకెలతో చూద్దాం.